నీరులేని నదికి మూడు వాటాలు

పాలారు పేరులో పాలున్నవి. ఏటిలో నీరు లేదు. సంవత్సరమున అధికభాగము ఈ నదిని దాటవలసినవాడు చెప్పులు విడువ నక్కరలేదు. అయినను ఈ యెండిన యిసుకను గూర్చి ఆంధ్రప్రదేశమును తమిళనాడును 2006వ సంవత్సరము మొదలు సుప్రీముకోర్టులో వ్యాజ్యమాడుచున్నవి. నది పుట్టిన కర్ణాటకము గట్టుమీద గూర్చుండి చూచుచున్నది. 2024 ఫిబ్రవరిలో, కుప్పము ప్రాంతమున పాలారుపై 0.6 టి.ఎం.సి. జలాశయమును 215 కోట్ల రూపాయలతో నిర్మింతుమని ఆంధ్ర ప్రభుత్వము ప్రకటించినది. ప్రకటన వెలువడినదో లేదో తమిళనాడు మంత్రి ఖండనమును వెలువడినది. మా నీరని వీరు; మా నీరని వారు. ఎవరి నీరు? అంతకంటె ముందు, ఎక్కడి నీరు?

మేము తెనుగువారము. కుప్పపు రైతు దాహము మాకు పరాయిది కాదు. కాని వాలాజా కాలువ క్రింద వరి నాటుకొను రైతు దాహమును పరాయిది కాదు. ఈ నాలుగు మాటలు కుప్పములో కొందరికి, వేలూరులో కొందరికి రుచింపకపోవచ్చును. రుచికై వ్రాయుచున్నవి కావు.

ముందుగా నది యెక్కడ బుట్టి యెట్లు పోవుచున్నదో పాఠకులు పటము దగ్గర నుంచుకొని చూతురు గాక. పఠనమందిరమున గోడకు వ్రేలాడు పటములో ఈ నది సన్నని దారపుపోగువలె గనబడును. మన పెన్న, దక్షిణ పినాకిని, పాలారు, ఈ మూడును నందిదుర్గపు కొండల పరిసరమున బుట్టిన యక్కచెల్లెండ్రు. పెన్న ఉత్తరముగా దిరిగి రాయలసీమను జుట్టి నెల్లూరునకు బోయినది. దక్షిణ పినాకిని కడలూరునకు బోయినది. పాలారు నడుమదారి బట్టినది. మొత్తము 348 కిలోమీటర్ల నడక: కర్ణాటకమున 93, ఆంధ్రమున 33, తమిళనాట 222. మన భాగము నడచువానికి ఒక దినపు దారి. ఈ ఒకదినపు దారిని గూర్చి ఇరువది యేండ్ల వ్యాజ్యము!

కోలారు సీమ చెరువుల దేశము. అచ్చట వానచినుకు నేలబడగానే గొలుసుకట్టు చెరువులు దానిని ఒకదాని వెంట నొకటి చేయి జాచి పట్టుకొనును. బేతమంగలము చెరువు నిండవలెను, రామసాగరము నిండవలెను. అవి పొర్లినప్పుడు గదా పాలారు ఆంధ్రదేశమున నడుగిడుట! కోలారు బంగారుగనుల పట్టణమునకు ద్రాగునీరిచ్చినది ఈ బేతమంగలమే. 2001లో గనులు మూతబడినవి గాని దాహము మూతబడలేదు. 2018 మొదలు బెంగుళూరు నగరపు మురుగును శుద్ధిచేసి కోలారు చెరువులలో నింపుచున్నారు. ఒక నది తల్లియింట ఇంతటి కరవున్నప్పుడు అత్తవారింటికి ఏమి సారె తెచ్చును?

తరువాత రామకుప్పము, శాంతిపురము, గుడుపల్లె, కుప్పము మండలములు. రాతినేల, మామిడి, టమాటా, పట్టుపురుగులకై మల్బరీ. బోరు వేయించిన రైతునకు నీరు పడినను పడకపోయినను అప్పు పడుట నిశ్చయము. ప్రాతఃకాలపు రైలెక్కి బెంగుళూరికి గూలికి బోవువారు ఈ సీమవారే. సంతలో తెనుగు, అరవము, కన్నడము మూడును వినబడును. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయమును కుప్పమున నెలకొల్పుట అందులకే. నాలుగు భాషల నొక్క కప్పు క్రింద జేర్చుటకు మనకు బుద్ధి పుట్టినది. ఆ ప్రక్కనే పోవు ఏటిని గూర్చి మూడు ప్రభుత్వములను ఒక్క బల్లచుట్టు గూర్చుండబెట్టుటకు మాత్రము పుట్టలేదు.

పుల్లూరు వద్ద కనకనాచ్చియమ్మ కోవెల చేరువ పాలారు సరిహద్దు దాటును. ఆ కోవెల చెంతనున్న చెక్‌డ్యామును 2016లో అయిదడుగుల నుండి పండ్రెండడుగులకు బెంచిరని తమిళనాడు సుప్రీముకోర్టునకు మొరవెట్టుకొన్నది. ఆంధ్రభాగమున నిట్టివి 22 కలవని వారి లెక్క. అటుపైని వాణియంబాడి, ఆంబూరు, వేలూరు, ఆర్కాటు, రాణిపేట, వాలాజా. ఈ పట్టణములలో తెనుగు మాటాడు కుటుంబములు తరతరములుగా నున్నవి. మన చెక్‌డ్యాము వలన నీరాగినదని వారును నమ్ముచున్నారు. వాలాజా చేరువ పందొమ్మిదవ శతాబ్దిలో గట్టిన ఆనకట్ట గలదు. అచ్చట నుండి నాలుగు కాలువలు పోయి కావేరిపాకము, మహేంద్రవాడి, చక్రమల్లూరు, దూసి మామండూరు చెరువులను నింపవలెను. మహేంద్రవాడి, మామండూరు చెరువులు పల్లవుల కాలపువి. అంతకు దిగువ తిరుముక్కూడలు వద్ద చెయ్యారు, వేగవతి వచ్చి కలియును. కాంచీపురము, చెంగల్పట్టు దాటి వాయలూరు చేరువ నది సముద్రమున బడును.

ఇచ్చట ఒక చిన్న సంగతి గమనింపదగినది. కలహమంతయు కుప్పము మీదుగా బోవు ప్రధానశాఖను గూర్చియే. కాని చిత్తూరు సీమ నుండి పాలారునకు బోవు నీరు ఆ ఒక్కదారినే పోవుట లేదు. పలమనేరు అడవుల మీదుగా కౌండిన్య గుడియాత్తమునకు దిగును. చిత్తూరు పట్టణము నొరసికొని పారు నీవా నది సరిహద్దు దాటి పొన్నై యను పేర వాలాజా చేరువ పాలారులో గలియును. కుప్పపు గట్టుపై నుండి ఎంత నీరు, నీవా నుండి ఎంత, కౌండిన్య నుండి ఎంత అని వేరువేరుగా లెక్కింపక, పాలారు నెండబెట్టినది కుప్పమే యనుట న్యాయస్థానమున జెల్లునేమో గాని నేలమీద జెల్లదు.

లెక్క యనిన జ్ఞాపకము వచ్చినది. టి.ఎం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. 0.6 టి.ఎం.సి. యనగా అరువదికోట్ల ఘనపుటడుగులు. 2021 నవంబరులో పాలారునకు శతాబ్దికి పైగా గనివిని యెరుగని వరద వచ్చినది. 1903లో పై చెరువులు తెగి వాణియంబాడిని ముంచిన వరద తరువాత అంతటిది లేదనిరి. ఆ నాడు వాలాజా ఆనకట్టపై సెకండునకు లక్ష ఘనపుటడుగులకు పైగా నీరు పొర్లినది. పలకాబలపము పట్టిన బాలుడు సైతము గట్టగల లెక్క: ఏ అరువదికోట్ల ఘనపుటడుగులకై రెండు రాష్ట్రములు రొమ్ము లెగురవేయుచున్నవో ఆ నీరు ఆనకట్టను దాటుటకు గంట నలువది నిమిషములు చాలినవి. మనము వ్యాజ్యపు కాగితములు తిరుగవేయుచుండగా నది వచ్చినది, మన వాటా మనకు జూపినది, సముద్రమునకు బోయినది. పట్టుకొనినవారు లేరు.

దీనికి తమిళనాటివారు చెప్పు ప్రత్యుత్తరము మేమెరుగుదుము. అట్టి వరద నూరేండ్లకొకటి. తక్కిన యేండ్లలో వచ్చు నాలుగు చుక్కలను కుప్పమే మ్రింగినచో మాకు మిగులునది ఇసుకయే గదా యని. ఈ మాటలో సత్యము గలదు. దీనిని త్రోసివేయువాడు తగవు తీర్పగోరువాడు కాడు. చిన్న యానకట్ట మంచి యేట నేరము కాదు, కరవు యేట నేరమగును. కావున జగడమాడవలసినది ఆనకట్ట యుండవలెనా కూడదా యని కాదు. కరవుయేట తూము తలుపు ఎవరి యాజ్ఞపై తెరవవలెను? మొదటి వరద ఎంత వరకు దిగువకు విడువవలెను? త్రాగునీటికి ఎంత, సేద్యమునకు ఎంత? ఈ ప్రశ్నలకు సమాధానము వ్రాసికొనక 215 కోట్లని యొకరు, ఒక్క రాయి కూడ పెట్టనీయమని యొకరు! ఓట్ల పంటకు మాత్రము ఈ నది యేనాడును నీరు తక్కువ చేయలేదు.

ఇక కాగితముల మాట. తమిళనాటి వాదము 1892 ఫిబ్రవరి 18వ తేదీ నాటి ఒడంబడికపై నిలిచియున్నది. మైసూరు ప్రభుత్వము తన రాజ్యమున పదునైదు ప్రధాననదులపై మదరాసు ప్రభుత్వమునకు దెలుపక క్రొత్త నీటికట్టడములు కట్టరాదనియు, పూర్వమునుండి యనుభవములో నున్న హక్కులను గాపాడుటకు దప్ప మదరాసు కాదనరాదనియు దాని సారము. ఆ పదునైదింటిలో పాలారొకటి. వకీలు వృత్తిలో నుండు మాకు ఈ పత్రమును జదివినకొలది నవ్వు వచ్చుచున్నది. 1892లో కుప్పము మైసూరులో లేదు. ఉత్తర ఆర్కాటు జిల్లాలో కంగుంది జమీనున నుండెను. అనగా మదరాసు పక్షముననే యుండెను. చిత్తూరు జిల్లా యేర్పడినది 1911లో. ఆంధ్రరాష్ట్ర మేర్పడినది 1953లో. కట్టుబడినవాడు మైసూరువాడు, రక్షింపబడినవారిలో కుప్పమువాడు నొకడు. రక్షణపత్రమును బట్టి రక్షితుని ముద్దాయిగా నిలుపుట వింత గాదా?

కాదు, ఆంధ్రప్రదేశము మదరాసునకు వారసు గనుక బద్ధమే యందురా, మంచిది. వారసునకు అప్పుతోపాటు ఆస్తియు వచ్చును. ఆ పత్రము జీవించియున్నచో కుప్పమును వేలూరును ఒక్క కక్షిదారులై, పైనున్న కర్ణాటకమును బిలిచి, 1892 తరువాత నీవు పాలారు తలపై నేమేమి కట్టితివో లెక్క చెప్పుమని యడుగవలెను. పత్రము చచ్చినదందురా, దానిని తీసి కుప్పము తలపై మోదుట మానవలెను. రెండింటిలో నేదో యొకటి.

అట్లని మనవారి వాదమునకు మేము వంత పాడుట లేదు. మా నేలపై బడిన వాన మాది, మా హద్దులో మేమేమి చేసికొన్న నెవరికేమి యను మాట కుప్పము సభలలో వినబడుచుండును. ఇది అమెరికాలో 1895లో హార్మను అను ప్రభుత్వ న్యాయాధికారి రియో గ్రాండి నదిని గూర్చి చెప్పిన సిద్ధాంతము. మన సుప్రీముకోర్టు 2018 ఫిబ్రవరి 16న కావేరి తీర్పులో అంతర్రాష్ట్ర నది ఏ యొక్క రాష్ట్రపు సొత్తును గాదనియు, జాతీయ సంపద యనియు నిష్కర్షించినది. ఈ సిద్ధాంతము మనకు లాభమనుకొనువారు కృష్ణవైపు దిరిగి చూడవలెను. కృష్ణకు మనము దిగువవారము. ఆలమట్టి వద్ద మనము చెప్పు న్యాయము పుల్లూరు వద్ద మరచితిమేని మన నోటికే విలువ యుండదు.

కాని నీటి వాటాలను గూర్చి ఇంత చెప్పిన పిమ్మట అసలు దోపిడి మాట చెప్పకున్న ఈ వ్యాసము సగమే యగును. పాలారు గొప్పతనము పైని బారు నీటిలో నెన్నడును లేదు. అడుగున నున్న యిసుకలో నున్నది. విశాలమైన, లోతైన ఇసుకతిన్నె. వచ్చిన వరదను ఆ యిసుక త్రాగి దాచుకొనును. వేసవిలో చేతితో చెలమ త్రవ్వినను నీరూరును. పూర్వులు ఏటిగర్భమున పొడవైన ఊటకాలువలు త్రవ్వి, పైకి చుక్క కనబడని కాలమున గూడ పొలములకు నీరు దెచ్చికొనిరి. ఆర్కాటు, చెంగల్పట్టు సీమల సేద్యము ఈ ఊటకాలువలపై బ్రదికినది. పాలారునకు దేవుడిచ్చిన జలాశయము ఇసుకయే. దానికి భూసేకరణ లేదు, ముంపు లేదు, ఎండకు ఆవిరి లేదు, శంకుస్థాపన లేదు. శంకుస్థాపన లేకపోవుటచేతనే కాబోలు దానిని గాచువారు గూడ లేకపోయిరి.

ఆ యిసుకను లారీల కెత్తి నగరములకు మేడలు గట్టితిమి. ఇసుక పోయిన చోట రాయి, బంకమన్ను మిగులును. వరద వచ్చినను నిలువదు, ఇంకదు, జారిపోవును. ఏటియొడ్డు బావి యెండును. రైతు మరి నూరడుగులు లోతునకు బోవును. ఏటి నెండబెట్టినది పైవాని యానకట్టయే యని సభలో చెప్పిన పెద్దమనిషి యింటి గోడలోనే ఆ యేటి యిసుక యుండవచ్చును. ఈ పాపమున సరిహద్దునకు ఇటునటు భేదము లేదు. ఇసుక యెత్తువానికి తెనుగు అరవము తారతమ్యము లేదు. మూడు భాషలలో ముడుపు ఒక్కటే.

మిగిలిన నీటికి తోళ్ళ కార్ఖానాలు పట్టినవి. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేటల తోలు దేశదేశములకు బోయి డాలర్లు దెచ్చుచున్నది. ఆ తోలు గడిగిన ఉప్పునీరు, క్రోమియము పాలారులోనికి వచ్చినవి. తోలు పరిశ్రమ గల జిల్లాలలో సుమారు 35 వేల హెక్టారుల సాగుభూమి కొంతయో పూర్తిగనో చెడిపోయెనన్న సంగతి సుప్రీముకోర్టు 1996 ఆగష్టు 28 నాటి తీర్పులో నమోదైనది. కలుషపరచినవాడే మూల్యము చెల్లింపవలెను అను సూత్రమును మన దేశపు చట్టములో భాగమని ఆ తీర్పు స్థిరపరచినది. న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని వల్లించు ఆ ప్రసిద్ధమైన తీర్పు ఈ యేటియొడ్డు వ్యాజ్యమున బుట్టినదే. తీర్పు ననుసరించి యేర్పడిన అధికారసంస్థ 29 వేలకు పైబడిన బాధితులకు సుమారు 26 కోట్ల రూపాయల పరిహారము నిర్ణయించినది. బాధితునకు సగటున పదివేల రూపాయలు కూడ గాదు! ఒక తరము పంటకు, చెడిన బావికి అది వెల. 2025 జనవరి 30న మరల సుప్రీముకోర్టే కలుగజేసికొని, పరిహారము పూర్తిగ ముట్టవలెననియు, నదిని బాగుచేయుటకు కమిటీ యుండవలెననియు నాజ్ఞాపింప వలసివచ్చినది. ఇరువదెనిమిదేండ్ల తరువాత! రాణిపేటలో మూతబడిన యొక క్రోమేటుల కర్మాగారము విడిచిపోయిన లక్ష టన్నులకు మించిన విషపుమట్టి ఏటి చేరువనే గుట్టగా బడియుండెను.

తమిళనాటి పెద్దల నడుగుచున్నాము: కుప్పము నుండి రాని చుక్కకై కోర్టునకు బోయినవారు, వచ్చిన చుక్కను ఆంబూరులో నేమి చేసితిరి? ఆంధ్ర పెద్దల నడుగుచున్నాము: ఇసుకను గాపాడలేనివారు ఆనకట్ట గట్టి యే నీటిని నిలుపుదురు?

దారి లేదనువారికి దారి యిదివరకే యున్నదని చూపగలము. 1976లో మహారాష్ట్రము, కర్ణాటకము, ఆంధ్రప్రదేశము తలకు అయిదేసి టి.ఎం.సి.ల చొప్పున కృష్ణనీటిని మదరాసు దాహమునకై విడుచుట కంగీకరించినవి. 1983లో ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వములు తెలుగుగంగకు ఒడంబడిక చేసికొన్నవి. 1996లో ఆ నీరు మదరాసు చేరినది. పదునైదు టి.ఎం.సి.లు! కుప్పము జలాశయమునకు ఇరువదియైదు రెట్లు. అంత నీటిని కొండలు కోనలు దాటించి ఇచ్చుటకు ఒప్పుకొన్న చేతులు, తీసికొన్న చేతులు, వాకిట బారు పిల్లకాలువ దగ్గర పిడికిళ్ళెట్లైనవి? పైగా 2025 ఆగష్టులో శ్రీశైలము నుండి ఏడువందల కిలోమీటర్లకు పైబడి నడచి కృష్ణాజలములు కుప్పము చెరువులను జేరినవి. కృష్ణ కుప్పము చేరినందున పాలారుపై బెట్టు కొంత సడలించుటకు మనకు వీలు చిక్కినది. ఇచ్చువాడు ముందుగా మాటాడుట గౌరవము.

చట్టమునకు గూడ కొదువ లేదు. 1956లో పార్లమెంటు రెండు చట్టములు చేసినది. ఒకటి తగవు ముదిరిన తరువాత ట్రిబ్యునలు వేయుటకు. రెండవది తగవు రాకముందే నదికి బోర్డు నేర్పరచుటకు. రెండవ చట్టము క్రింద నేటి వరకు ఒక్క బోర్డైనను పుట్టలేదు. డెబ్బదియేండ్ల గొడ్రాలు ఆ చట్టము. గోదావరి కృష్ణల వంటి మహానదులకు అడ్డు చెప్పువారు పెక్కురుందురు. పాలారు చిన్నది, దాని నీరు కొంచెము, రాష్ట్రములు మూడే. మొదటి బోర్డు ఇచ్చటనే యేల పుట్టరాదు?

అంత దూరము పోలేమందురా, ఇంతమాత్రమైన చేయుడు. బేతమంగలము, పుల్లూరు, పొన్నై కలియు చోటు, వాలాజా, ఈ నాలుగింట నీటిమట్టపు కొలతలు మూడు రాష్ట్రముల ఇంజనీర్లును గలిసి తీసి, సంతకములు చేసి, ప్రతి వారము పత్రికలకిచ్చునట్లు ఏర్పాటు చేయుడు. నేడు ఎవరి కొలతలు వారివి. ఒకరిది యొకరు నమ్మరు. తిరుపత్తూరు, చిత్తూరు, కోలారు జిల్లాల కలెక్టర్లు ఏటికి రెండుమార్లు, వానలకు ముందొకసారి, తరువాత నొకసారి, పుల్లూరు కోవెల మండపమున గూర్చుండి ఆ పుస్తకమును దిరుగవేయవచ్చును. సుప్రీముకోర్టులో వ్యాజ్యము నడుచుచుండగా ఇది చేయరాదని యే శాసనమును జెప్పుట లేదు. రానున్న వర్షకాలమునకు ముందే కుప్పము, వాణియంబాడి పురప్రముఖులు, న్యాయవాదసంఘములు ఈ యొక్క కోరికతో తమతమ ముఖ్యమంత్రులకు విజ్ఞప్తులు పంపవలెను. తెనుగున వ్రాసినది చెన్నపట్టణమునకు, అరవమున వ్రాసినది అమరావతికి, రెండును గలిపి బెంగుళూరునకు.